మిట్టమధ్యాహ్నం ఆగిపోయే సోలార్: వోల్టేజి లెక్క మన చేతిలో ఉండాలి
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు సంఘాల సభలో ఇన్వర్టర్ గురించి మాటలేంటని పొద్దున టీ తాగేటప్పుడు ఒక అక్క అడిగింది. అడగాల్సిన మాటే. మా జవాబు ఏమంటే, ఇది కంతు గురించిన మాట. సోలార్ కోసం అప్పు తీసుకున్న సభ్యురాలు నెలసరి మీటింగుకు వచ్చి, "మధ్యాహ్నమైతే ఎర్ర లైటు వెలుగుతాది, మిషన్ ఆగిపోతాది, బిల్లు అట్లే వస్తాది, ఇంక కంతు యాడ నుంచి కట్టాల?" అంటే, ఆ మాటకు మినిట్స్ పుస్తకంలో ఏం రాయాల? ఒకరు కట్టకపోతే పదిమంది పేరు మీద మచ్చ పడుతుంది. అందుకే దీని మీద మేము కూర్చున్నాము, మిద్దెలెక్కినాము, కొలిచినాము. మాలో పదో తరగతి దాటిన వాళ్లు తక్కువ. అయినా కూడికలు తీసివేతలు వస్తే చాలు, ఈ పని చేయొచ్చు.

మొదట పథకం సంగతి రెండు మాటల్లో. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. ఇంటి మిద్దె మీద 1 కిలోవాట్ పెట్టుకుంటే 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు గానీ అంతకు మించి గానీ పెట్టుకుంటే 78 వేలు సబ్సిడీ. మిగిలింది మనం చేతి నుంచో, బ్యాంకు నుంచో, సంఘం నుంచో తెచ్చుకోవాల. 1 కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు అని లెక్క వేస్తారు. అంటే 3 కిలోవాట్ల ఇంటికి సుమారు 12 యూనిట్లు. అందులో సగం దాకా పొద్దున 11 నుంచి 2 గంటల లోపలే వస్తుంది. ఎర్ర లైటు వెలిగేది కూడా ఆ పొద్దులోనే. పంట చేతికొచ్చే వేళకు కల్లానికి తాళం పడినట్టు.

ఇన్వర్టర్ అంటే మనకందరికీ తెలిసింది బ్యాటరీ డబ్బా. కరెంటు పోతే ఫ్యాను తిప్పేది. ఇప్పుడు మిద్దె సోలార్‌తో వచ్చేది అది కాదు. దీనికి బ్యాటరీ ఉండదు. వీధిలో కరెంటు ఉంటేనే ఇది పనిచేస్తుంది. వీధి కరెంటు పక్కన నిలబడి, దాంతో సమానంగా అడుగులేస్తూ, ఇంట్లో వాడుకోగా మిగిలింది బయటికి తోస్తుంది. వీధి కరెంటు పోయిందంటే ఇది కూడా ఆగిపోవాల. "ఇంత ఎండ ఉండాది, కరెంటు పోతే మన సోలార్ ఎందుకు రాదు?" అని ప్రతి ఊళ్లో అడిగినారు. ఎందుకంటే, లైన్ ఆఫ్ చేసి లైన్‌మేన్ స్తంభమెక్కి ఉంటాడు. మన మిద్దె మీద నుంచి కరెంటు పోయి ఆ తీగలో ఉంటే ఆయన ప్రాణం పోతుంది. ఆయనకూ ఇంట్లో భార్యాపిల్లలు ఉంటారు గదా.

అదే మాదిరి, వీధి కరెంటు ఉన్నా అది హద్దు దాటితే ఇన్వర్టర్ పక్కకు తప్పుకుంటుంది. ఆ హద్దులు కంపెనీవాళ్లు ఇష్టమొచ్చినట్టు పెట్టినవి కావు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో ఇచ్చిన నిబంధనల్లో ఉన్నాయి. మన ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. దానికి నూటికి పది ఎక్కువైతే, అంటే 253 దాటితే, 2 సెకన్ల లోపల ఆగిపోవాల. నూటికి ఇరవై తగ్గితే, అంటే 184 కిందికి దిగినా అంతే. మళ్లీ కరెంటు సరిగా వచ్చి కనీసం 60 సెకన్లు నిలకడగా ఉంటేనే తిరిగి కలవాల. కరెంటు కంపనానికి కూడా ఇట్లే 47.5 నుంచి 50.5 దాకా హద్దు ఉంది గానీ, మన ఊళ్లలో మేము చూసిన ఎర్ర లైట్లలో దాని గొడవ తక్కువ. వోల్టేజిదే ఎక్కువ.

కాబట్టి ఎర్ర లైటు వెలిగి, తెర మీద గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ అనో, గ్రిడ్ అండర్ వోల్టేజ్ అనో, నో గ్రిడ్ అనో వస్తే మిషన్ చెడిపోయిందని అనుకోవద్దు. కంపెనీని బట్టి కోడ్ నంబరు మారుతుంది, దాని పుస్తకంలో చూసుకోవాల. మిషన్ చెప్పేది ఏమంటే, "నా ముందర ఉన్న కరెంటు సరిగా లేదు" అని. చెడింది ముందర ఎక్కడో వెతకాల. ప్లేట్లు కడిగితే ఇది పోదు. కడిగితే యూనిట్లు రొంత పెరుగుతాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు ప్రొద్దుటూరు సంగతికి వస్తాము. దీని మీద ఎక్కువసేపు చెప్తాము, ఎందుకంటే ఇట్లాంటి ఇళ్లే ఎక్కువ.

వీధి చివర ఇల్లు. మా సంఘం అక్క, జాకెట్లు కుట్టే మిషన్లు రెండు పెట్టుకుని బతుకుతుంది. 3 కిలోవాట్లు పెట్టించింది. ఎండాకాలమంతా బాగానే పనిచేసింది. చలికాలం వచ్చినాక 11 గంటలకు ఆగడం, రెండు నిమిషాలకు రావడం, మళ్లీ ఆగడం. ఆదివారం అయితే ఇంకా ఎక్కువ. పెట్టిన వాళ్లకు ఫోన్ చేస్తే ఒక అబ్బాయి వచ్చి, ఆఫ్ చేసి ఆన్ చేసి, సర్వీసు చార్జీ అడిగి పోయినాడు. రెండోసారి వచ్చి, "ఇన్వర్టర్ మార్చాల్సి వస్తాదేమో" అన్నాడు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాల. ఈ పథకం కింద పెట్టిన వాళ్లు 5 సంవత్సరాలు మెయింటెనెన్సు చూడాల. ఒప్పంద కాగితం తీసి చూపించండి. వచ్చి చూసినందుకు డబ్బులు అడిగితే రసీదు అడగండి. రసీదు మాటెత్తితే అడిగే వాళ్లు చాలావరకు తగ్గుతారు.

ఎండాకాలం బాగుండి చలికాలం ఎందుకు ఆగుతుంది? ఎండాకాలంలో వీధంతా కూలర్లు, ఏసీలు తిరుగుతాయి, తీగలో వోల్టేజి కిందికి దిగి ఉంటుంది. మన సోలార్ ఎంత తోసినా తీసుకునే వాళ్లు ఉంటారు. చలికాలం కూలర్లు మూలన పడతాయి, ఆదివారం అంగళ్లు మూస్తారు, వోల్టేజి పైన ఉంటుంది. ఎండ మాత్రం కాస్తుంది. మనం తోసే కరెంటుకు ఆ పక్క ఆకలి ఉండదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి నీళ్ల మాటే మేలు. నీళ్లు పైపులో ముందుకు పోవాలంటే మన పక్క ఒత్తిడి ఆ పక్క కంటే రొంత ఎక్కువ ఉండాల. పైపు సన్నదైతే అదే నీళ్లు పంపడానికి ఇంకా ఎక్కువ ఒత్తిడి కావాల. ఇన్వర్టర్ కూడా అంతే. వీధి తీగలో 240 ఉంటే, అది 240కి పైన తోస్తేనే కరెంటు బయటికి పోతుంది. మన ఇంటి నుంచి స్తంభం దాకా ఉండే సర్వీసు వైరు సన్నగా ఉంటే, ఆ తోపుడు 250 దాటి పోతుంది. 253 వచ్చిందంటే మిషన్ తానే తప్పుకుంటుంది. తప్పుకోగానే వోల్టేజి దిగుతుంది. ఒక నిమిషం చూసి "ఇప్పుడు బాగుంది గదా" అని మళ్లీ వస్తుంది, మళ్లీ తోస్తుంది, మళ్లీ పోతుంది. పొద్దంతా ఇదే ఆట.

మేము ఆ ఇంట్లో చేసిన పని ఇది. ప్లగ్గులో పెడితే అంకె చూపించే వోల్టేజి మీటరు ఒకటి కొన్నాము. తీగలు పీకే పని లేదు, మీటరు సీలు ముట్టే పని అసలే లేదు. ఇన్వర్టర్ తెర మీద కూడా వోల్టేజి, ఎంత కరెంటు పోతోంది అన్నది కనిపిస్తుంది. ఒక నోట్‌బుక్కు పెట్టి వారం రోజులు పొద్దున 8, 10, 12, మధ్యాహ్నం 2, 4 గంటలకు రాయమని చెప్పినాము. అక్క కూతురు తొమ్మిదో తరగతి, ఆ పాప రాసింది. అక్షరాలు ముత్యాలు.

తర్వాత ఒకరోజు 12 గంటలకు మేము పోయి, సోలార్ స్విచ్ మాత్రం ఆఫ్ చేసి, ఇంట్లో మెయిన్ ఆన్‌లోనే ఉంచి కొలిస్తే 240. సోలార్ ఆన్ చేసి కొంచెంసేపు ఆగితే అంకె ఎక్కుతా పోయింది. 6 ఆంపియర్లు తోసేటప్పటికి 246 అయింది. 13 ఆంపియర్లకు 254, టక్కున ఆగింది. అదే సమయంలో రెండిళ్ల అవతల ఇంకో సభ్యురాలి ఇంట్లో ప్లగ్గు మీటరు 243 దాటలేదు. అంటే పెరిగిన 14 వోల్టుల్లో 3 వోల్టులు మాత్రమే వీధి తీగలో. మిగతా 11 ఈ ఇంటికీ స్తంభానికీ నడుమనే.

ఆ నడుమ ఏముంది? 35 మీటర్ల అల్యూమినియం వైరు, 2.5 స్క్వేర్ ఎం.ఎం.ది. సోలార్ లేని కాలంలో రెండు ఫ్యాన్లు, ఒక టీవీ కోసం వేసింది. ఆ సైజు అల్యూమినియం వైరుకు కిలోమీటరుకు సుమారు 12 ఓములు నిరోధం. పోను 35, రాను 35, కలిపి 70 మీటర్లు. అంటే 0.85 ఓము. దాన్ని 13 ఆంపియర్లతో గుణిస్తే 11 వోల్టులు. మేము కొలిచిందీ అంతే వచ్చింది. పదో తరగతిలో ఓం నియమం మార్కుల కోసం బట్టీ పట్టినాము, అది ఇరవై ఏళ్ల తర్వాత మిద్దె మీద పనికొచ్చింది.

అదే దూరానికి 10 స్క్వేర్ ఎం.ఎం. అల్యూమినియం వైరు వేస్తే నిరోధం కిలోమీటరుకు 3 ఓముల పైచిలుకు. 11 వోల్టులు పోయి 3 వోల్టులకు వస్తుంది. ఈ లెక్క కాగితం మీద రాసి, నోట్‌బుక్కు పేజీలు జిరాక్సు తీసి, కరెంటాఫీసులో అర్జీ పెట్టి, వాళ్ల మనిషి వచ్చి సర్వీసు వైరు మార్చినాక చూస్తే, మిట్టమధ్యాహ్నం 246. ఆగలేదు. ఇన్వర్టర్ అదే, ప్లేట్లు అవే. మారింది వైరు.

అన్ని ఇళ్లలో వైరు సన్నగా ఉండడమే కారణం కాదు. కొన్నిచోట్ల వైరు లావుదే, అయితే మీటరు దగ్గరో, స్తంభం మీదనో జాయింటు వదులైపోయి ఉంటుంది. అల్యూమినియం, రాగి కలిపి ఊరకే మెలితిప్పిన చోట నల్లగా మాడి ఉంటుంది. గుర్తులు చెప్తాము: మీటరు బోర్డు దగ్గర జుయ్యిమని చప్పుడు, కాలిన వాసన, ప్లాస్టిక్ రంగు మారడం, గాలి వీచినప్పుడు లైట్లు మిణుకుమనడం. ఇవి కనపడితే వోల్టేజి రాసుకుంటా కూర్చోవద్దు, ఆ రోజే పిలిపించండి. అది సోలార్ సమస్య కాదు, అగ్గి సమస్య. ఇన్వర్టర్ నుంచి మెయిన్ బోర్డు దాకా వేసిన వైరు సన్నదైతే అది సోలార్ పెట్టిన వాళ్లు సరిచేయాల. దానికి కరెంటాఫీసుకు పోవాల్సిన పని లేదు.

జమ్మలమడుగు కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అక్కడ మా చెల్లెలి ఇల్లు బండల పాలిష్ మిషన్ ఉన్న వీధిలో. పెద్ద మోటారు ఎక్కేటప్పుడు లైట్లు కుంగుతాయి, ఇన్వర్టర్ అండర్ వోల్టేజ్ అని చూపించి ఆగుతుంది. మోటారు పరుగు అందుకున్నాక ఒక నిమిషానికి వస్తుంది. పొద్దుకు పదిహేను ఇరవై సార్లు. అక్కడ నోట్‌బుక్కులో మేము వోల్టేజితో పాటు "మోటారు ఆన్", "మోటారు ఆఫ్" అని ఇంకో గడి గీసినాము. రెండు రోజులకే తెలిసిపోయింది. ఆ వీధిలో ఎక్కువ ఇళ్లు, మిషను, అన్నీ ఒకే ఫేజు మీద బరువు వేసినాయి. మిగతా రెండు ఫేజులు ఖాళీగా ఉన్నాయి. ఇట్లాంటప్పుడు కొన్ని సర్వీసులను స్తంభం దగ్గర వేరే ఫేజుకు మారిస్తే సగం బాధ పోతుంది. ఆ పని లైన్‌మేన్ చేయాల, మనింటి మగవాళ్లు నిచ్చెన వేసుకుని ఎక్కే పని కాదు. ఇది రెండుసార్లు చెప్తాము, ఎందుకంటే ఎక్కే వాళ్లు ఉన్నారు.

మొదట ఒక్క చెల్లెలే పోయి చెప్తే ఆఫీసులో, "సోలార్ వాళ్లను అడుగమ్మా" అన్నారు. సోలార్ వాళ్లు "కరెంటోళ్లను అడుగమ్మా" అన్నారు. ఈ ఇద్దరి నడుమ ఆడమనిషి చెప్పులు అరిగిపోవాల. తర్వాత సంఘం తీర్మానం రాసి, పదకొండు మంది సంతకాలతో, సర్వీసు నంబర్లు, స్తంభం ఎక్కడుందో, ఏ తేదీ ఏ గంటకు ఎంత వోల్టేజి, అన్నీ రాసి ఇచ్చినాము. పైన స్టాంపు వేయించుకుని ఒక కాపీ మా దగ్గర పెట్టుకున్నాము. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు కూడా రాసుకున్నాము. ఫేజు మార్పు జరిగింది. ఇప్పుడు రోజుకు రెండు మూడు సార్లు ఆగుతుంది, అంతే. పూర్తిగా పోలేదు. పోయిందని చెప్పలేము.

మనకు తెలిసి ఉండాల్సిన హక్కు ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లో ఇచ్చిన సేవా ప్రమాణాల ప్రకారం ఇంటి లైనులో వోల్టేజి 230కి నూటికి 6 అటూ ఇటూ ఉండాల, అంటే 216 నుంచి 244 లోపల. వోల్టేజి ఫిర్యాదు ఇస్తే, కొత్త లైను పనేమీ లేకుండా సరిచేయగలిగినదైతే 10 రోజుల్లో, లైనో ట్రాన్స్‌ఫార్మరో పెంచాల్సి వస్తే 120 రోజుల్లో చేయాలని అందులో ఉంది. సోలార్ ఆఫ్ చేసి కొలిచినా 244 పైన వస్తుందంటే, ఆ తప్పు మన మిద్దెది కాదు, మన వైరుదీ కాదు. సోలార్ ఆఫ్‌లో 238, ఆన్‌లో 254 వస్తే ముందు మన వైరు చూసుకోవాల. ఈ రెండు అంకెలు అర్జీలో ఉంటే మనల్ని అటూ ఇటూ తిప్పడం కష్టం. అక్కడా పని కాకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది, దానికి పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వకీలు అక్కర్లేదు, కాగితాలుంటే చాలు.

పులివెందుల సంగతి చిన్నది గానీ భయపడాల్సింది. గాలివాన వచ్చిన మరుసటి రోజు, ఒక ఇంట్లో ఇన్వర్టర్ ఓవర్ వోల్టేజ్ చూపించి ఆగింది. ఇక్కడ ఆగి ఆగి రాలేదు, ఆగింది ఆగినట్టే ఉంది. అదే సమయంలో బల్బులు కళ్లు చెదిరేటట్టు వెలిగినాయి, ఫ్యాను విమానం మాదిరి తిరిగింది. పక్కింట్లో మాత్రం బల్బు దీపమంత. ఆ చెల్లెలు తెలివిగలది, పరుగున పోయి మెయిన్ ఆఫ్ చేసింది. ఎదురింట్లో చేయలేదు, టీవీ, ఫ్రిజ్ రెండూ కాలిపోయినాయి.

అది న్యూట్రల్ తెగిన గుర్తు. వీధి లైనులో మూడు ఫేజు తీగలు, ఒక న్యూట్రల్ ఉంటాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ 230. ఫేజుకూ ఫేజుకూ నడుమ సుమారు 400. న్యూట్రల్ స్తంభం దగ్గర తెగిందంటే రెండు ఫేజుల మీద ఉన్న ఇళ్లు ఆ 400ను తమలో తాము పంచుకుంటాయి. తక్కువ సామాన్లు వాడే ఇంటికి ఎక్కువ పడుతుంది. 300 కూడా రావచ్చు. ఇన్వర్టర్ తనను తాను తప్పించుకుంటుంది, మన ఇంటిని తప్పించదు. అది ఆగిందని ఇల్లు క్షేమమని అనుకోవద్దు. లైట్లు అతిగా వెలుగుతున్నాయంటే కొలవడం, రాసుకోవడం తర్వాత. ముందు మెయిన్ ఆఫ్, పక్కిళ్లకు కేకలు, తర్వాత 1912. ఆ ఊరి సంఘంలో ఇప్పుడు వీధికి ఒకరిని ఈ కేక వేసే మనిషిగా పెట్టుకున్నారు. మాకు నచ్చింది.

ఇంకొక ముఖ్యమైన విషయం. కొందరు రిపేరు వాళ్లు వచ్చి, "అమ్మా, ఇన్వర్టర్‌లో పాస్‌వర్డు కొట్టి హద్దు 270కి పెంచుతాను, ఇంక ఆగదు" అంటారు. వినడానికి బాగుంటుంది. రెండు మూడు వందలు తీసుకుని చేసిపోతారు కూడా. ఎర్ర లైటు పోతుంది. అయితే ఆ 265, 270 వోల్టులు ఎక్కడికి పోయినాయి? మనింటి ఫ్రిజ్‌లో, టీవీలో, ఫోన్ చార్జర్లలో ఉన్నాయి. పక్కింటి మోటారులో ఉన్నాయి. మన సంఘంలో ఇద్దరి ఇళ్లు ఒకే తీగ మీద ఉంటే ఒకరి సోలార్ ఆగకుండా ఉండడానికి ఇంకొకరి ఫ్రిజ్ కాలాలా? రేపు ఏదైనా జరిగితే, నిబంధన దాటించింది ఎవరని అడిగితే ఆ అబ్బాయి ఉండడు, మన సర్వీసు నంబరు ఉంటుంది. మూడు పట్టణాల సంఘాల్లోనూ దీన్ని ఒప్పుకోకూడదని తీర్మానం చేసినాము. ఎవరింట్లోనైనా ఇప్పటికే పెంచి ఉంటే పెట్టిన కంపెనీ చేత తిరిగి సరి చేయించండి.

స్టెబిలైజర్ అడ్డం పెడదామని కూడా అడిగినారు. ఇంటికి లోపలికి వచ్చే కరెంటు కోసం చేసిన స్టెబిలైజర్, సోలార్ నుంచి బయటికి పోయే కరెంటు కోసం చేసింది కాదు. ఫ్రిజ్‌కు పెట్టుకోండి, ఇన్వర్టర్ దారిలో పెట్టవద్దు.

చేయగలిగిన చిన్న పని ఒకటి ఉంది. మధ్యాహ్నం 11 నుంచి 2 లోపల మోటారు, గ్రైండరు, ఇస్త్రీ పెట్టె, బట్టల మిషన్ వాడండి. ఇంట్లోనే వాడుకుంటే బయటికి తోసేది తగ్గుతుంది, వోల్టేజి అంత ఎక్కదు. కుట్టుపని చేసే వాళ్లకు ఇది బాగా కుదిరింది. రాత్రి పూట ఇడ్లీ పిండి రుబ్బే అలవాటు మానుకోవడం కొందరు అత్తలకు నచ్చలేదు, అది ఇంటింటి రామాయణం. ఇది మందు కాదు, ఉపశమనం మాత్రమే. వైరు సన్నగా ఉంటే వైరే మార్చాల.

ఎండకు మిషన్ వేడెక్కి తక్కువ ఇవ్వడం వేరే సంగతి. మన కడప ఎండలో మిద్దె మీద నీడ లేకుండా ఇన్వర్టర్ బిగిస్తే అది తనను కాపాడుకోవడానికి ఇచ్చేది తగ్గించుకుంటుంది. అప్పుడు ఎర్ర లైటుతో ఆగదు, అంకె తగ్గుతుంది. దానికి నీడ, గాలి కావాల. అట్లే వాన పడిన పొద్దున ఐసొలేషన్ అని వస్తే అది ప్లేట్ల పక్క తీగల్లో తడి దిగిన గుర్తు. చేయి పెట్టకుండా కంపెనీని పిలవండి. ఆ తీగల్లో ఎండ ఉన్నంతసేపు కరెంటు ఉంటుంది, మెయిన్ ఆఫ్ చేసినా ఉంటుంది.

మన జిల్లాలో కరెంటుకు కరువు లేదు. ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో రాయలసీమ థర్మల్ కేంద్రం 1650 మెగావాట్లది. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో సోలార్ పార్కు ఉంది. అందులో 250 మెగావాట్లకు 2017లో వేలం వేస్తే యూనిట్‌కు 3 రూపాయల 15 పైసలకు కంపెనీ ముందుకొచ్చింది, అప్పట్లో దేశమంతా మాట్లాడుకున్నారు. అంత దగ్గర అంత కరెంటు తయారవుతున్నా, వీధి చివరింటికి సరైన వోల్టేజి రావాలంటే చివరి 35 మీటర్ల వైరు సరిగా ఉండాల. ఆ పార్కులో ఇంజనీర్లు కాపలా ఉంటారు. మన మిద్దెకు మనమే. ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. ఆస్ట్రేలియాలో మూడిళ్లలో ఒక ఇంటికి మిద్దె సోలార్ ఉంది, అక్కడా మధ్యాహ్నం వోల్టేజి ఎక్కి ఇన్వర్టర్లు ఆగినాయి. అక్కడ కొత్త ఇన్వర్టర్లు ఒక్కసారిగా ఆగకుండా, వోల్టేజి ఎక్కే కొద్దీ ఇచ్చేది మెల్లగా తగ్గించుకునేటట్టు నిబంధన పెట్టుకున్నారు. మన దగ్గర కూడా కొన్ని కంపెనీల మిషన్లలో ఆ సౌకర్యం ఉంది. కొనేటప్పుడు అడగండి. సగం ఆగినా సగం వస్తుంది గదా.

సమాఖ్య ముందు మేము పెట్టేది మూడు కోరికలు. సోలార్ అప్పు దరఖాస్తులో ఒక గడి చేర్చాల: సర్వీసు వైరు సైజు ఎంత, స్తంభం ఎంత దూరం, మిట్టమధ్యాహ్నం ఇంట్లో వోల్టేజి ఎంత. వైరు సన్నగా ఉంటే దాని ఖర్చు కూడా అప్పులోనే కలిపి ఇవ్వాల, తర్వాత బాధపడే కంటే. పట్టణానికి రెండు ప్లగ్గు మీటర్లు సమాఖ్య కొని బుక్ కీపర్ దగ్గర పెట్టాల, వారానికి ఒక ఇంటికి తిరగాల. మూడోది రొంత పంచాయితీ ఉన్న విషయం: గ్రిడ్ తప్పు వల్ల సోలార్ ఆగిపోయిందని అర్జీ, కొలతలు చూపించిన సభ్యురాలికి, ఆ 120 రోజులు కంతు మీద అపరాధ వడ్డీ వేయకూడదు. అసలు, వడ్డీ కట్టాల్సిందే, అది మేము మాఫీ అడగడం లేదు. అపరాధ వడ్డీ ఒక్కటే. కోశాధికారి అక్క తల అడ్డంగా ఊపుతోంది, మాకు కనిపిస్తోంది. చర్చకు పెట్టండి.

ఎందుకు అడుగుతున్నామంటే, ప్రొద్దుటూరులోనే ఇంకో ఇల్లు ఉంది. అక్కడ వైరు లావుదే, జాయింట్లు గట్టివే. సోలార్ ఆఫ్ చేసి కొలిచినా మధ్యాహ్నం 249, 250 వస్తోంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందనే ఇంకా ఆరు మిద్దెల మీద ప్లేట్లున్నాయి. ఈ ఇల్లు ఒక్కతే సరిచేసుకునేది ఏమీ లేదు. అర్జీ ఇచ్చి 71 రోజులైంది. ఆ చెల్లెలు ఇప్పటిదాకా ఒక్క కంతు తప్పలేదు, గాజులు కుదువ పెట్టి కట్టింది. ఆమె నోట్‌బుక్కు మా దగ్గరే ఉంది.

భోజనాల తర్వాత స్టేజీ ఎడమ పక్క టేబుల్ దగ్గర మేము ఉంటాము. ఇన్వర్టర్ తెర ఫోటో ఫోన్‌లో ఉన్న వాళ్లు, కరెంటు బిల్లు తెచ్చుకున్న వాళ్లు రండి. అర్జీ నమూనా కాగితాలు యాభై జిరాక్సులు తెచ్చినాము, అయిపోతే ఒకరిది చూసి ఒకరు రాసుకోండి.